ఇంగ్లాండు వృద్ధ సంరక్షణ గృహాల వెబ్‌సైటు: రూపకల్పన వెనుక చరిత్ర

వృద్ధ సంరక్షణ గృహానికి మంచి వెబ్‌సైటు ఎలా ఉండాలన్న ప్రశ్నను సాధారణంగా రంగులు, అక్షరాలు, ఛాయాచిత్రాల సమస్యగా చూస్తారు. ఇంగ్లాండు అనుభవాన్ని కాలక్రమంలో పరిశీలిస్తే ఇది ప్రధానంగా సమాచారానికి సంబంధించిన వివాదమని తేలుతుంది. గృహం తన గురించి ఏం చెప్పుకోవాలన్నది చాలాకాలం నిర్వాహకుల ఇష్టంగానే ఉండేది. ఏం దాచకూడదో చట్టం ఒక్కొక్కటిగా నిర్దేశిస్తూ వచ్చింది.

పాత భవనాలు, కొత్త పేర్లు

1948 నాటి జాతీయ సహాయ చట్టం శతాబ్దాల నాటి పేదల చట్టానికి ముగింపు పలికి, ఆసరా లేని వృద్ధులకు నివాసం కల్పించే బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచింది. సంపన్నులు హోటలులో గది తీసుకున్నట్లే వృద్ధులు తగిన అద్దె చెల్లించి గౌరవంగా ఉండే చిన్న నివాసాలను ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవాన్ ఊహించాడు. ఆచరణలో చాలాచోట్ల పాత వర్క్‌హౌస్ భవనాలే కొత్త పేర్లతో కొనసాగాయి. సామాజిక శాస్త్రవేత్త పీటర్ టౌన్సెండ్ 173 గృహాలను సందర్శించి 1962లో 'ది లాస్ట్ రెఫ్యూజ్' గ్రంథాన్ని వెలువరించే నాటికీ పరిస్థితి అదే. ఆయన తాను చూసిన గృహాల ఛాయాచిత్రాలు కూడా తీశాడు.

చెప్పక తప్పని విషయాలు

1980లలో సాంఘిక భద్రతా నిధుల నుంచి ప్రైవేటు గృహాల రుసుము చెల్లించే వీలు కలగడంతో వాటి సంఖ్య వేగంగా పెరిగింది. ఖాళీ గది నష్టమైనప్పుడు ప్రకటన అవసరమవుతుంది. అయితే వెబ్‌సైటుకు అసలైన పూర్వరూపం ప్రకటన కాదు. 2001 సంరక్షణ గృహాల నిబంధనలు ప్రతి గృహం రెండు పత్రాలు సిద్ధం చేయాలన్నాయి: ఒకటి ఉద్దేశ ప్రకటన, రెండవది నివాసుల కోసం మార్గదర్శిని. ఆ మార్గదర్శినిలో ఒప్పంద షరతులు, తాజా తనిఖీ నివేదిక, ఫిర్యాదు చేసే పద్ధతి ఉండాల్సి వచ్చేది. ఫిర్యాదు ఎలా చేయాలో ముందే చెప్పడం ఏ ప్రకటనకర్తా తనంతట తాను చేసే పని కాదు.

ఈ ధోరణి 2015 ఏప్రిల్‌లో నేరుగా వెబ్‌సైటుకే చేరింది. తనిఖీ సంస్థ అయిన కేర్ క్వాలిటీ కమిషన్ ఇచ్చిన శ్రేణిని గృహం ఆవరణలోనూ, వెబ్‌సైటు ఉంటే అందులోనూ స్పష్టంగా ప్రదర్శించడం తప్పనిసరి అయింది. 'అత్యుత్తమం' వచ్చినవారికి ఇది అలంకారమే. 'సరిపోదు' అనిపించుకున్నవారికి మాత్రం తమ ముఖపత్రంపై తమ లోపాన్ని తామే ప్రకటించుకోవడం.

చివరిదాకా మరుగున ఉన్నది ధర. పోటీ, మార్కెట్ల ప్రాధికార సంస్థ 2017లో బ్రిటన్ మొత్తంపై వెలువరించిన నివేదిక ప్రకారం అప్పట్లో 11,300 గృహాలలో సుమారు 4,10,000 మంది నివసించేవారు. ఒకే గృహంలో సొంత డబ్బు చెల్లించేవారు స్థానిక సంస్థ చెల్లించేదానికంటే సగటున 41 శాతం ఎక్కువ ఇచ్చేవారు. ఇంతటి తేడా ఉన్నచోట "వివరాలకు సంప్రదించండి" అన్న వాక్యం నిరపాయమైనది కాదు. 2018 నవంబరులో ఆ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు వారపు రుసుము అంచనాను వెబ్‌సైటులో ముందుగానే తెలపాలని సూచించాయి.

చదివేదెవరు?

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపలేని స్థితిలో, రోజుల వ్యవధిలో నిర్ణయించాల్సిన కూతురో కొడుకో తరచుగా ఈ పుటల పాఠకులు. విదేశాలలో స్థిరపడి, స్వస్థలంలోని తల్లిదండ్రుల కోసం వెతికే తెలుగువారికి ఆ తెరే దాదాపు ఏకైక సాక్ష్యం; గది వాసన, రాత్రివేళ పిలిస్తే వచ్చేవారి వేగం అందులో తెలియవు. భారతదేశంలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం గురించీ, 150 మంది నిరుపేదలకు వసతి గురించీ చెబుతుంది. వెబ్‌సైటులో ఏం తెలపాలన్న ప్రస్తావన అందులో లేదు.

రెండవ పాఠకుడు అక్కడ నివసించబోయే వ్యక్తి. 1999లో మొదలై 2008లో సవరణ పొందిన అంతర్జాతీయ వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు చూపు మందగించినవారికీ, చేతులు వణికేవారికీ పుట ఉపయోగపడే తీరును వివరించాయి. అయినా ఈ పాఠకుణ్ణి గుర్తుంచుకున్న పుటలు తక్కువ. ఆయన అక్కడ కనిపించేది ఎక్కువగా ఛాయాచిత్రంలోనే. మతిమరుపు వ్యాధి ముదిరిన వ్యక్తి నవ్వుతున్న చిత్రానికి అనుమతి ఎవరిది? 2005 మానసిక సామర్థ్య చట్టం ప్రకారం, స్వయంగా నిర్ణయించుకోలేని వ్యక్తి తరఫున తీసుకునే నిర్ణయం ఆ వ్యక్తి మేలుకే కావాలి. గృహ ప్రచారాన్ని ఆ మేలుగా నిరూపించడం కష్టం.

టౌన్సెండ్ సందర్శించిన గృహాలను మరోసారి వెతుక్కుంటూ వెళ్ళిన జూలియా జాన్సన్, షీనా రోల్ఫ్, రాండల్ స్మిత్ తమ అధ్యయనాన్ని 2010లో ప్రచురించారు. టౌన్సెండ్ చిత్రాలలో వరుసగా పరచిన మంచాలు ఉన్నాయి, గోడవారగా సర్దిన కుర్చీలు ఉన్నాయి. నేటి వెబ్‌సైటులో తోట ఉంది, పుట్టినరోజు కేకు ఉంది. వచ్చే సోమవారం చేరబోయే మనిషి చూడదలచుకున్నది మాత్రం తనకు ఇవ్వబోయే గది, దాని కిటికీ, స్నానాల గదికి ఉన్న దూరం.