ఒకే నగరం, రెండు ఆర్థిక చక్రాలు

దేశాల ఆర్థిక జీవితంలో పెరుగుదల తరువాత తరుగుదల, దాని తరువాత మళ్ళీ పెరుగుదల వస్తుంటాయి. దీనినే వ్యాపార చక్రమంటారు. పెద్ద దేశాల చక్రం, వాటిపై ఆధారపడిన ప్రాంతాలను కూడా తనతో తిప్పుతుంది. ఇందుకు హైదరాబాదు మంచి నిదర్శనం.

ఈ నగరాన్ని మొదట తాకినది చమురు చక్రం. 1973 అక్టోబరు యుద్ధం తరువాత కొద్ది నెలలలోనే ముడి చమురు ధర దాదాపు 4 రెట్లయింది. గల్ఫ్ దేశాలలో రోడ్లు, రేవులు, భవనాల నిర్మాణం ఊపందుకుంది. పాతబస్తీ మేస్త్రీలు, డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు జిద్దాకు, దుబాయికి, కువైట్‌కు తరలివెళ్ళారు. 1986లో చమురు ధర కుప్పకూలింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించగా, లక్షకు పైగా భారతీయులు సంపాదించినది వదలి స్వదేశం చేరవలసి వచ్చింది.

రెండవది సాఫ్ట్‌వేర్ చక్రం. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ డిసెంబరులోనే చమురు పీపా ధర 10 డాలర్ల సమీపానికి దిగజారింది. గల్ఫ్ కుంగిన వేళ హైటెక్ సిటీ లేచింది. ఎందుకంటే దాని గిరాకీ ప్రధానంగా అమెరికాలో ఉంది. అక్కడి కంపెనీల లాభాలు తగ్గితే కొత్త కాంట్రాక్టులు ఆగుతాయి. ఇక్కడ నియామకాలు నిలిచిపోతాయి. ఆ దెబ్బ క్యాబ్ డ్రైవరు వరకు, క్యాంటీను పనివాని వరకు వస్తుంది. 2001లో అమెరికా మాంద్యంతో ఈ సంగతి తెలిసివచ్చింది.

ఒక చక్రం దిగినప్పుడు రెండవది నగరాన్ని ఆదుకుంటుందని అనిపించవచ్చు. 2014 చివర చమురు ధర పడిపోయినప్పుడు సాఫ్ట్‌వేర్ రంగం పెరుగుతూనే ఉంది. కాని 2008లో ఈ ఆశ వమ్మయింది. జూలైలో 147 డాలర్లున్న చమురు డిసెంబరుకు 40కి దిగువన పడింది; సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసింది. దుబాయి నిర్మాణాలూ, మాదాపూర్ నియామకాలూ ఒకేసారి మందగించాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇంటినుండే జీతం పొందాడు. అతనిని కార్యాలయానికి చేర్చే డ్రైవరుకు పని లేకపోయింది.

సమృద్ధి ఏడేండ్లలో ధాన్యం నిలువచేసి కరువు ఏడేండ్లను దాటించిన ప్రవక్త యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతాన్ని దివ్య ఖుర్ఆన్ మనకు వినిపిస్తున్నది. చక్రాన్ని ఆపడం మన చేతిలో లేదు. మంచి సంవత్సరాల సంపాదనను పెండ్లి ఆడంబరాలలో కరిగించక, పొదుపుగానూ, జకాత్ ద్వారా నిరుపేదకు అండగానూ మలచుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.