సర్దుబాటా, కుదింపా? ప్రత్యేక పాఠశాల నుంచి కళాశాలకు దారి వేసే నిర్ణయాలు

సారాంశం

ప్రత్యేక పాఠశాలలో చదివే పిల్లల కళాశాల చదువు గురించి చాలా ఇళ్లలో పదో తరగతి ఫలితాలు వచ్చాకే మాట మొదలవుతుంది. ఆ చదువును తేల్చే నిర్ణయాలు అంతకు రెండు మూడేళ్ల ముందే, ఎక్కువగా ఎవరూ చర్చించకుండానే, జరిగిపోతున్నాయని ఈ వ్యాసం వాదిస్తుంది. పాఠం, పరీక్ష అవే ఉంచి వాటిని అందుకునే పద్ధతి మార్చడం సర్దుబాటు. పాఠాన్నే తగ్గించడం కుదింపు. మొదటిది కళాశాల దాకా వెంట వస్తుంది, రెండోది బడితోనే ఆగిపోతుంది. ఏది ఎక్కడ జరుగుతోందో పిల్లవాడికి పద్నాలుగేళ్లు వచ్చేసరికి కుటుంబానికి తెలియాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. చట్టాలు, ప్రభుత్వ మార్గదర్శకాలు, న్యాయస్థానాల తీర్పుల పరిశీలన దీనికి ఆధారం. పరిధి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ.

కీలక పదాలు: ప్రత్యేక విద్య, సహేతుక సర్దుబాటు, సార్వత్రిక విద్య, సదరం, స్క్రైబ్, ఉన్నత విద్య

1. ప్రస్తావన

2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడత ప్రకారం దేశంలో ఏడేళ్లు దాటిన వికలాంగుల్లో అక్షరాస్యులు 52.2 శాతం. పదిహేనేళ్లు దాటినవారిలో పదో తరగతి లేదా ఆపై చదువు ఉన్నవారు 19.3 శాతమే. పదో తరగతి గట్టెక్కినవారే అయిదుగురిలో ఒకరికి తక్కువైనప్పుడు కళాశాల గడప తొక్కేవారు ఇంకెంత తక్కువో ఊహించవచ్చు.

చట్టం వైపు నుంచి చూస్తే తలుపు తెరిచే ఉంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 వైకల్యాల జాబితాను ఏడు నుంచి 21కి పెంచింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం అందులో చోటు సంపాదించుకున్నాయి. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన ఈ చట్టం 31వ సెక్షన్ కింద, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న 6–18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు ఉంది. దగ్గరలోని మామూలు బడిలోనైనా, తాము కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనైనా ఆ హక్కు వాడుకోవచ్చు. 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు వారికి కేటాయించాలి, వయోపరిమితిలో అయిదేళ్ల సడలింపు ఇవ్వాలి. 1995 నాటి చట్టంలో కోటా 3 శాతం.

సీటు ఉంది. ఆ సీటుకు అర్హత తెచ్చుకునే దారి ఏ బడిలో ఎక్కడ తెగిపోతోందన్నదే అసలు ప్రశ్న.

2. మూడు రకాల బడులు, మూడు ఆరంభాలు

ప్రత్యేక పాఠశాల అన్న ఒక్క పేరు కింద తెలుగు నేలమీద మూడు వేరువేరు వ్యవస్థలు నడుస్తున్నాయి. మొదటి రకం అంధుల, బధిరుల పాఠశాలలు. ఇవి ప్రధానంగా రాష్ట్ర బోర్డు పాఠ్యక్రమాన్నే బ్రెయిలీలోనో, ఆడియోలోనో, సంజ్ఞా భాషలోనో బోధిస్తాయి. రెండో రకం అభ్యసన వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లల కోసం నగరాల్లో వెలసిన బడులు. వీటిలో చాలావరకు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, పరీక్షలకు పిల్లల్ని తయారుచేస్తాయి. మూడో రకం మేధో వైకల్యం ఉన్నవారి పాఠశాలలు. 1984లో ఏర్పడి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో పనిచేస్తున్న జాతీయ మేధో వైకల్య సంస్థ రూపొందించిన క్రియాత్మక పాఠ్యక్రమం వీటికి దారి చూపుతుంది.

ఈ మూడో రకం బడుల్లో తరగతులు ఒకటి, రెండు అని ఉండవు. పూర్వ ప్రాథమిక, ప్రాథమిక, సెకండరీ, పూర్వ వృత్తి అనే దశలుంటాయి. ఒక దశ అంశాల పట్టికలో 80 శాతం సాధించిన పిల్లలు తర్వాతి దశకు వెళతారు. బట్టలు వేసుకోవడం, డబ్బు లెక్కపెట్టడం, బస్సు ఎక్కడం వంటివి ఇక్కడ పాఠాలు. వీటి విలువను తక్కువ చేసి చూడనక్కర్లేదు. అయితే ఈ దారి చివర బోర్డు సర్టిఫికెట్ లేదు. పదిహేనో ఏట పూర్వ వృత్తి దశలో కూర్చున్న పిల్లవాడు కళాశాల దారి నుంచి పక్కకు జరిగాడన్నమాట. ఆ సంగతి తల్లిదండ్రులకు విడమరిచి చెప్పే బాధ్యతను ఏ నిబంధనా స్పష్టంగా ఎవరికీ అప్పగించలేదు.

3. సర్దుబాటుకూ కుదింపుకూ తేడా

కంటిచూపు లేని అమ్మాయికి గణిత ప్రశ్నపత్రం చదివి వినిపించి, ఆమె చెప్పిన జవాబును స్క్రైబ్ రాస్తే అది సర్దుబాటు. ఆ అమ్మాయికి రేఖాగణితం ఎందుకులే అని ఆ అధ్యాయాలు వదిలేస్తే అది కుదింపు. బడిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెంటినీ సాయమనే అంటారు. పర్యవసానాలు మాత్రం వేరు. 2016 చట్టం సహేతుక సర్దుబాటును నిర్వచించి, దాన్ని నిరాకరించడాన్ని వివక్షగా లెక్కించింది. కాబట్టి సర్దుబాటును పాఠశాలలో పొందినట్టే కళాశాలలోనూ అడిగి తీసుకోవచ్చు. పాఠమే చదవని విద్యార్థికి ప్రవేశ పరీక్షలో ఏ చట్టమూ తోడు రాదు.

పారిశ్రామికవేత్త శ్రీకాంత్ బొల్లా అనుభవం ఈ తేడాను చూపుతుంది. కృష్ణా జిల్లాలో పుట్టి, హైదరాబాద్ బేగంపేటలోని దేవనార్ అంధుల పాఠశాలలో చదివిన ఆయనకు పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూపు ఇవ్వడానికి నిబంధనలు అడ్డొచ్చాయి. న్యాయస్థానానికి వెళ్లి ఆ అవకాశం సాధించుకున్నారు. పన్నెండో తరగతిలో 98 శాతం మార్కులు తెచ్చుకుని, అమెరికాలోని ఎంఐటీలో చేరారు. 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. ఆయన పట్టుదల గురించి ఎంతో రాశారు. ఇక్కడ చూడవలసింది మరొకటి: ఆయన చదివిన ప్రత్యేక పాఠశాల గణితాన్ని, విజ్ఞానశాస్త్రాన్ని కుదించలేదు. పదో తరగతి దాకా అందరి పాఠమే ఆయన చేతిలో ఉంది కనుకనే సైన్స్ సీటు కోసం వాదించడానికి ఆధారం దొరికింది.

4. బోర్డు ఎంపిక, సబ్జెక్టుల ఎంపిక

ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి కనీసం ఒక భాషతో కలిపి అయిదు సబ్జెక్టులు చాలు. అయిదేళ్లలో తొమ్మిది సార్లు పరీక్ష రాసే వీలుంది, పాసైన సబ్జెక్టు మార్కులు నిలిచి ఉంటాయి. ఒకేసారి ఆరు పరీక్షల బరువు మోయలేని పిల్లలకు ఇది గొప్ప ఊరట. చిత్రలేఖనం, గృహవిజ్ఞానం, డేటా ఎంట్రీ వంటివీ ఎంచుకోవచ్చు. 2021లో భారతీయ సంజ్ఞా భాష కూడా సబ్జెక్టుగా చేరింది. సీబీఎస్‌ఈ కూడా ప్రత్యేక అవసరాలున్న విద్యార్థులకు రెండు భాషల బదులు ఒక భాష, గణితం స్థానంలో వేరే సబ్జెక్టు తీసుకునే వెసులుబాటు ఇస్తోంది.

ఈ వెసులుబాటు వెలను తర్వాత కట్టవలసి వస్తుంది. పదో తరగతిలో గణితం లేకపోతే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయడానికి అర్హత లేదు. ఇంటర్‌లో ఎంపీసీ దూరమైతే ఇంజినీరింగ్ కోసం రాసే ఈఏపీసెట్‌కూ దారి ఉండదు. సీఈసీ, హెచ్‌ఈసీ గ్రూపుల మీదుగా బీకాం, బీఏ తలుపులు తెరిచే ఉంటాయి. అయితే డిగ్రీ అయ్యాక బ్యాంకు ఉద్యోగ పరీక్షల్లో అంకగణితం మళ్లీ ఎదురవుతుంది. అలాగని అందరూ గణితంతో కుస్తీ పట్టాలని కాదు. గణితం వదిలేస్తే ఏయే తలుపులు మూసుకుంటాయో వదిలే రోజునే తెలియాలి.

సార్వత్రిక బడి సర్టిఫికెట్ విలువపై అనుమానాలు ఇంకా వినిపిస్తుంటాయి. అయిదు సబ్జెక్టులతో ఎన్‌ఐఓఎస్ పన్నెండో తరగతి పాసైనవారిని జేఈఈ అనుమతిస్తుంది. నీట్‌లో సార్వత్రిక విద్యార్థులపై ఉన్న నిషేధాన్ని 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. చిక్కు సర్టిఫికెట్‌తో కాదు, దాని మీద ఏ సబ్జెక్టులున్నాయన్న దానితో.

5. కాగితాల దారి: సదరం నుంచి స్క్రైబ్ దాకా

మన రాష్ట్రాల్లో వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ అంటే పింఛను కాగితమనే పేరు పడిపోయింది. పింఛను అవసరం లేని కుటుంబాలు దాన్ని తీసుకోవడంలో ఆలస్యం చేస్తాయి, కొందరు పరువు కోసం వద్దనుకుంటారు. కానీ డిగ్రీ ప్రవేశాల్లో ప్రత్యేక కోటా, స్క్రైబ్, ఉపకార వేతనం అన్నీ ఆ ధ్రువీకరణ మీదే నిలబడతాయి. 2021 జూన్ 1 నుంచి దేశమంతటా వైకల్య ధ్రువపత్రాలను స్వావలంబన్ పోర్టల్ ద్వారానే ఇవ్వాలని కేంద్రం ఆదేశించింది. వైకల్య గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ ఆ పోర్టల్ నుంచే వస్తుంది.

అభ్యసన వైకల్యం విషయంలో తేదీల లెక్క ఇంకా సున్నితం. 2018 జనవరి 4 నాటి మార్గదర్శకాలు ఎనిమిదేళ్లు దాటాకే ధ్రువీకరణ, 14వ ఏట, 18వ ఏట పునఃపరీక్ష అన్నాయి. పద్దెనిమిదో ఏట ఇచ్చేది జీవితకాలం చెల్లుతుందన్నాయి. అంటే చివరి పునఃపరీక్ష సరిగ్గా ఇంటర్ ముగిసి డిగ్రీలో చేరే ఏడాదిలో పడేది. 2024 మార్చిలో కేంద్రం మార్గదర్శకాలను సవరించింది కాబట్టి, తమ బిడ్డకు వర్తించే గడువేదో కుటుంబం వైద్య బోర్డును అడిగి రాయించుకోవడం మేలు.

స్క్రైబ్, అదనపు సమయం గురించి 2018 ఆగస్టు 29 నాటి మార్గదర్శకాలు స్పష్టంగానే చెప్పాయి: గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా, అంటే మూడు గంటల పరీక్షకు కనీసం ఒక గంట అదనం. సొంత స్క్రైబ్‌ను తెచ్చుకుంటే అతడి చదువు అభ్యర్థి చదువు కన్నా ఒక మెట్టు కిందుండాలన్నాయి. 40 శాతం లోపు వైకల్యం ఉన్నవారి సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్‌సీ కేసులో 2021 ఫిబ్రవరి 11న ఆ శాతం లేకపోయినా అవసరాన్ని బట్టి స్క్రైబ్ ఇవ్వాలని కోర్టు తేల్చింది. 2022 ఆగస్టులో కేంద్రం ఆ మేరకు వేరే మార్గదర్శకాలిచ్చింది.

తీర్పు ఉన్నంత మాత్రాన పరీక్ష హాలులో పని జరగదని, ఆ తీర్పు వచ్చిన 2021లోనే జరిగిన నీట్ నిరూపించింది. చేతిరాత వైకల్యం ఉన్న ఒక విద్యార్థినికి పరీక్ష కేంద్రంలో అదనపు గంట ఇవ్వలేదు. జరిగింది అన్యాయమేనని నవంబరులో సుప్రీంకోర్టు చెప్పి, ఏం పరిహారం చేయగలరో చూడమని పరీక్ష సంస్థను ఆదేశించింది, పునఃపరీక్షకు మాత్రం ఒప్పుకోలేదు. పరీక్ష రోజు పోగొట్టుకున్న గంటను ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేకపోయింది. అందుకే ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచే ప్రతి పరీక్షలో ఇచ్చిన సర్దుబాటును బడి కాగితం మీద నమోదు చేయడం అవసరం. ఇదివరకటి నుంచీ వాడుతున్న సర్దుబాటు అని చూపగలిగితే కొత్త చోట అడగడం తేలిక.

6. పద్దెనిమిదేళ్ల మలుపు

ఉచిత విద్య హక్కు పద్దెనిమిదేళ్లతో ముగుస్తుంది. సంతకం చేసే అధికారం కూడా ఆ రోజే తల్లిదండ్రుల చేతి నుంచి జారుతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవారికి అవసరమైతే నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద జిల్లా స్థాయి స్థానిక కమిటీ సంరక్షకుణ్ని నియమిస్తుంది. 2016 చట్టం పరిమిత సంరక్షణను, అంటే వ్యక్తితో సంప్రదించి తీసుకునే ఉమ్మడి నిర్ణయాన్ని, ముందుకు తెచ్చింది. డిగ్రీ చదవగల యువకుడికి పూర్తి సంరక్షకుడు అవసరమా అన్నది తొందరపడకుండా ఆలోచించాలి.

అమెరికా పద్ధతితో పోల్చితే మన లోటు తెలుస్తుంది. అక్కడి ప్రత్యేక విద్యా చట్టం 2004 సవరణ ప్రకారం విద్యార్థికి పదహారేళ్లు వచ్చేసరికి చదువు తర్వాతి జీవితానికి లిఖిత ప్రణాళిక ఉండి తీరాలి. అయితే బడి ముగియగానే ఆ రక్షణా ముగుస్తుంది. కళాశాలలో తన వైకల్యం గురించి విద్యార్థే చెప్పుకుని సర్దుబాటు అడగాలి. కుదించిన పాఠ్యక్రమం చదివినవారికి డిప్లొమా బదులు హాజరు సర్టిఫికెట్ దక్కే ప్రమాదమూ అక్కడ ఉంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ మలుపు ఎదురవుతోంది. మన దగ్గర చట్టం అలాంటి ప్రణాళిక రాసి తీరాలని అనలేదు. కనుక రాయించుకునే పని కుటుంబానిదే అవుతోంది.

ఆ ప్రణాళికలో మార్కులతో పాటు మరికొన్ని రావాలి. ఒంటరిగా బస్సు ఎక్కడం, ఫోన్‌లో డబ్బు చెల్లించడం, అధ్యాపకుడి దగ్గరికి వెళ్లి తనకేం కావాలో చెప్పుకోవడం. ఇరవై మంది ఉన్న బడి నుంచి వందల మంది కూర్చునే తరగతికి వెళ్లే పిల్లలకు చివరిది అన్నిటికన్నా కష్టం. చూపు లేని విద్యార్థికి సాంకేతిక చిక్కు మరొకటి ఉంది. ఎన్‌వీడీఏ వంటి ఉచిత స్క్రీన్ రీడర్లు యూనికోడ్ తెలుగును చదువుతాయి. మన స్టడీ మెటీరియల్‌లో ఎంతో భాగం యూనికోడ్ కాని అను ఫాంట్లలోనో, స్కాన్ చేసిన పేజీలుగానో ఉంది. వాటి ముందు యంత్రం మూగబోతుంది. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఈ కొరతను కొంత తీరుస్తున్నా, పాఠాలను యూనికోడ్‌లో ఇమ్మని ప్రవేశానికి ముందే కళాశాలను అడగాలి.

7. డిగ్రీ అందరి గమ్యం కాదు

డిగ్రీ కోరుకునే బధిర విద్యార్థికి సంజ్ఞా భాషలో బోధించే చోటు వెతకాలి. తిరువనంతపురంలోని నిష్ సంస్థ బధిరుల కోసమే కంప్యూటర్ సైన్స్, లలిత కళలు, వాణిజ్యంలో డిగ్రీలు నడుపుతోంది. రోజూ తరగతికి వెళ్లలేనివారికి 1982లో పుట్టిన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని నేటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ఉంది. సాంకేతిక కోర్సుల్లో చేరినవారికి ఏఐసీటీఈ సక్షమ్ పథకం ఏడాదికి 50,000 రూపాయల ఉపకార వేతనమిస్తుంది, కుటుంబ ఆదాయం 8 లక్షలు మించకూడదు.

మేధో వైకల్యం తీవ్రంగా ఉన్న కొందరికి వృత్తి శిక్షణే సరైన దారి కావచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు. కానీ బడి అలవాటు కొద్దీ పడిన దారి వేరు, తెలిసి ఎంచుకున్న దారి వేరు. ఒకే స్థాయి వైకల్యం ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు సార్వత్రిక పదో తరగతి వైపు, ఒకరు పూర్వ వృత్తి దశ వైపు వెళ్లడానికి తేడా వాళ్ల శక్తిలో లేకుండా, ఇంటికి దగ్గరగా ఉన్న బడి ఏ రకమన్న దానిలో ఉంటే, దాన్ని ఎంపిక అనలేం.

8. ముగింపు, ప్రతిపాదనలు

పై చర్చ నుంచి మూడు ప్రతిపాదనలు వస్తాయి. ఒకటి, పిల్లవాడికి పద్నాలుగేళ్లు నిండిన ఏడాది ప్రతి ప్రత్యేక పాఠశాల ఒక లిఖిత పత్రం ఇవ్వాలి. ఏ సబ్జెక్టులో సర్దుబాటు, ఏ సబ్జెక్టులో కుదింపు, కుదించినందువల్ల ఏ కోర్సులకు అర్హత పోతుందో అందులో ఉండాలి. తల్లిదండ్రులతో పాటు పిల్లవాడూ దాన్ని చదివి, లేదా విని, సంతకం చేయాలి. రెండు, కుదింపు తాత్కాలికమైతే తిరిగి అందుకునే గడువు రాయాలి. ఎన్‌ఐఓఎస్ అయిదేళ్ల వ్యవధి వదిలిన గణితాన్ని తర్వాత చేర్చుకోవడానికి పనికివస్తుంది. మూడు, ప్రత్యేక పాఠశాలల గుర్తింపును పునరుద్ధరించేటప్పుడు గదులు, ర్యాంపులతో పాటు ఈ పత్రాలనూ రాష్ట్ర ప్రభుత్వాలు తనిఖీ చేయాలి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2016 చట్టం 16వ సెక్షన్ ప్రతి వికలాంగ విద్యార్థి ప్రగతిని, చదువు పూర్తిచేసిన తీరును గమనించాలని గుర్తింపు పొందిన బడులకు ఇప్పటికే చెబుతోంది. ఆ గమనింపును ఏటా నింపే ఫారంగా వదిలేయకుండా కళాశాల అర్హతలతో ముడిపెడితే, 5 శాతం కోటా సీట్లకు అర్హులైన విద్యార్థులు ఆ బడుల నుంచే వస్తారు.