బుట్టలో పాము ఏం తిన్నది?

కరీంనగర్ వీధుల్లో పాములోళ్లు కనపడక చాలా ఏండ్లయింది. నాగుల పంచమికి ఇంటింటికీ తిరిగిన ఆ వెదురు బుట్టల సంగతి రాయాలంటే, లోపలున్న పాముతోనే మొదలుపెట్టాలి. దాని గుణమేమిటో, దానికి ఏం పెట్టారో తెలిస్తేనే మిగతా కథ అర్థమవుతుంది. నేను జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అయినా ఈ పాఠంలో నా మొదటి గురువు 1960లలో మానేరు ఒడ్డున ఉన్న మా ఊరికి వచ్చే ఒక పాములాయన.

ఆయన కావడిలో నాగుపాము, జెర్రిపోతు, రెండు తలల పాము ఉండేవి. జెర్రిపోతుకు విషం లేకున్నా దాన్నే ఎక్కువ పదిలంగా పట్టేవాడు. చేతికి చిక్కిందంటే అది కరవకుండా ఊరుకోదు. నాగుపాము ముందు బెదిరిస్తుంది. పడగ విప్పుతుంది, బుసకొడుతుంది, నోరు తెరవకుండానే మూతితో పొడుస్తుంది. వేరే దారి లేకపోతేనే కరుస్తుంది. రెండు తలల పాము మరీ సాధువు. భయమేస్తే చుట్ట చుట్టుకుని తల అందులో దాచి, మొద్దు తోకను పైకెత్తుతుంది. పాపం, ఆ తోకకే వాతలు పెట్టి కన్నూ నోరూ ఉన్నట్టు చేసేవాళ్లు. నాగుపాము ఆట గురించి మా బాపు అడిగితే, “సప్పుడుకు కాదు పటేలా, బూర ఊగినదిక్కు సూస్తది” అన్నాడాయన. పాముకు బయటి చెవులు లేవనీ, ఎదుట కదిలే బూరను శత్రువనుకుని దాని వెంట పడగ తిప్పుతుందనీ నేను తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను.

ఈ తెలివి పుస్తకాలకెక్కింది కూడా జనం నోటి నుంచే. విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించిన ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు, కోరమాండల్ తీరపు పాముల మీద తన గ్రంథాన్ని 1796లో లండన్‌లో అచ్చు వేయించాడు. మనం రక్తపింజర అనే పాము అందులో కాటుకరేకుల పొడ అన్న తెలుగు పేరుతోనే ఉంది. లోకం ఇప్పుడు దాన్ని రసెల్ పేరుతో పిలుస్తోంది.

ఇక తిండి సంగతి. నాగుపాము ఎలుకను, కప్పను, పక్షిని, గుడ్డును, ఒక్కోసారి సాటి పామును కూడా తింటుంది. తలవైపు నుంచి మింగి, కడుపు నిండాక రోజుల తరబడి ఒకచోటే పడి ఉంటుంది. పాలు దాని తిండే కాదు. మరి పంచమి నాడు పళ్లెంలో పాలెట్లా తాగేది? పండుగకు ఎన్నో రోజుల ముందు నుంచే తిండీ నీళ్లూ ఆపేవాళ్లు. గొంతెండిన జీవి ఏ తడి తగిలినా తాగుతుంది. ఆ పాలు అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి తెస్తాయి. పైగా రెప్పల్లేని కండ్ల మీద మనం పసుపూ కుంకుమా చల్లేవాళ్లం.

ఒక పంచమి సాయంత్రం మా దొడ్లో చింతచెట్టు కింద ఆయన పాముకు తిండి పెట్టడం చూశాను. తలను రెండు వేళ్ల మధ్య పట్టి నోరు తెరిచాడు. కోరలు ఉండాల్సిన చోట నల్లటి పుండ్లున్నాయి. సన్నటి వెదురుగొట్టం లోపలికి దూర్చి, గిలక్కొట్టిన గుడ్డు సొన కొంచెం కొంచెం వదులుతూ గొంతు కింద వేలితో నిమిరాడు. “కోరలు వీకినంక ఎలుకను వట్టలేదు బిడ్డా, నేనే వెట్టాలె. ఎట్లయినా ఎండకాలం దాక బతుకది” అన్నాడు. పాలు దానికి పడవని ఆయనకు తెలుసు. కానీ పాలు తాగని పామును తెస్తే మా వాకిట్లో ఆయన జోలెలో సోలెడు బియ్యం పడేవి కావు. ఆ పాముల చావులో మా ఇండ్ల పాలు ఎక్కువనే అంటాను.

నాగదేవతను కొలవాలంటే పామును బుట్టలో పెట్టనక్కర్లేదు. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో మెస్రం వంశపు గోండులు పుష్య అమావాస్యకు గోదావరి జలం కాలినడకన తెచ్చి నాగోబాను అభిషేకిస్తారు. ఆ జాతరకు పట్టి తెచ్చిన పాముతో పనే లేదు.

పామును ఇంట్లో పెట్టుకున్నా దాన్ని ఆకలికి మాడ్చనక్కర్లేదు. టెక్సస్‌లో మా మేనల్లుడి కొడుకు హాగ్‌నోస్ అనే పామును పెంచుతున్నాడు. అది నాగుపాములా మెడ వెడల్పు చేసి బుసకొడుతుంది, అప్పటికీ వదలకపోతే వెల్లకిలా పడి చచ్చినట్టు నటిస్తుంది. అడవిలో కప్పలు తినే జాతి కాబట్టి కొన్ని ఎలుకపిల్లను ముట్టవు, దానికి కప్ప వాసన పట్టించి పెడతారట. పెంచుకునే పాముకు దాని తిండి దానికి పెట్టాలన్న ఆ పట్టింపు నాకు నచ్చింది.

మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1976లో పాము తోళ్ల ఎగుమతి ఆగింది. బుట్టలు ఒక్కరోజులో మాయం కాలేదు గానీ, అటవీ శాఖ పట్టు బిగిసిన కొద్దీ తగ్గిపోయాయి. పాములకు అది మేలే, అందులో నాకు రెండో ఆలోచన లేదు. నా బాధ మనుషుల గురించి. తమిళనాడులో తోళ్ల వ్యాపారం పోయి బతుకు చెడిన ఇరుల గిరిజనులు 1978లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ తోడ్పాటుతో చెన్నై దగ్గర సహకార సంఘం పెట్టుకున్నారు. ప్రభుత్వ అనుమతితో పాములు పట్టి, కొన్ని వారాలు కుండల్లో ఉంచి, విషం తీసి మళ్లీ అడవిలో వదులుతారు. మా పాములాయన కొడుకుకు అట్లాంటి దారి ఎవరూ చూపలేదు. బొరియ ముందు మన్ను చూసి లోపల ఏ పాముందో చెప్పగలిగినవాడు సైకిల్ మీద గిన్నెలమ్మి బతికాడు. మన వరి మడుల్లో పాము కరిచినోళ్లకు దవాఖానలో ఎక్కించే విరుగుడు మందును గుర్రాల రక్తం నుంచి చేస్తారు. దానికి కావలసిన విషంలో పెద్ద వాటా ఇప్పటికీ ఆ ఇరులల సంఘం నుంచే వస్తోంది.