ఆకెన్‌కు చేతివృత్తి నిపుణుల వలస

ఆకెన్ జర్మనీ పడమటి కొసన, బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దులను ఆనుకొని ఉన్న నగరం. 1870లో మొదలైన ఆర్‌డబ్ల్యూటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వల్ల ఇంజనీరింగ్ చదివే తెలుగు విద్యార్థులకు ఈ ఊరి పేరు పరిచితమే. పని తెలిసిన చేతులు ఇక్కడికి వలస రావడం మాత్రం ఆ విశ్వవిద్యాలయం కంటే ఎంతో పాతది.

ఎనిమిదో శతాబ్దం చివర షార్లమేన్ చక్రవర్తి ఇక్కడ ప్రాసాద ప్రార్థనాలయం కట్టించినప్పుడు సముద్రానికి ఈవలి దేశాలన్నిటి నుంచీ మేస్త్రీలను, పనివారిని రప్పించాడని నోట్కర్ అనే సన్యాసి రాశాడు. 1466లో బర్గండీ సేనలు దీనాన్ పట్టణాన్ని నాశనం చేశాక, అక్కడి ఇత్తడి పనివారిలో కొందరు ఆకెన్ చేరారు. ఊరు ఇత్తడికి పేరుపొందింది. తరవాతి మతకలహాల్లో ప్రొటెస్టెంట్ ఇత్తడి పనివారికి ఇక్కడ నిలవనీడ లేకపోయింది. వాళ్లు పక్కనున్న ష్టోల్‌బెర్గ్‌కు తరలిపోయారు, వాళ్ల వెంటే ఆ పరిశ్రమా వెళ్లిపోయింది. ఆకెన్ చరిత్రలో ఇంతకంటే ఖరీదైన పొరపాట్లు తక్కువ.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత చుట్టుపక్కల బొగ్గు గనులు మనుషుల్ని పిలిచాయి. పశ్చిమ జర్మనీ 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో కార్మిక ఒప్పందాలు చేసుకుంది. 1963 డిసెంబరు నుంచి దక్షిణ కొరియా యువకులు మూడేళ్ల ఒప్పందంపై వచ్చి, ఆకెన్‌కు ఉత్తరాన మెర్క్‌ష్టైన్ గనిలోనూ పనిచేశారు. 1973 నవంబరులో ప్రభుత్వం విదేశీ కార్మికుల నియామకాలను చాలావరకు ఆపేసింది.

ఇప్పటి దారి 2020 మార్చి 1న అమల్లోకి వచ్చిన నిపుణుల వలస చట్టం. దీన్ని 2023, 2024లలో సడలించారు. భారత్, జర్మనీల మధ్య వలస ఒప్పందం 2022 డిసెంబరు 5న కుదిరింది. 2024లో భారతీయ నిపుణుల వీసాలను ఏటా 20,000 నుంచి 90,000కు పెంచుతామని జర్మనీ ప్రకటించింది.

అసలు చిక్కు సర్టిఫికెట్ దగ్గర వస్తుంది. చేతివృత్తుల అర్హతను ఆకెన్‌లో హండ్‌వెర్క్స్‌కామర్ అనే వృత్తి మండలి పరిశీలించి, అది జర్మన్ శిక్షణకు పూర్తిగా సమానమా, కొంతవరకేనా అని తేలుస్తుంది. 2012 ఏప్రిల్ నుంచి ఏ దేశస్థులైనా సొంత ఊరి నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. రుసుము సాధారణంగా 100 నుంచి 600 యూరోలు. జర్మనీలో ఎలక్ట్రీషియన్ శిక్షణ మూడున్నరేళ్లు, అదీ కంపెనీలో పని, బడిలో పాఠం కలిపి. మన ఐటీఐలో అదే కోర్సు రెండేళ్లు. కాబట్టి పూర్తి సమానత్వం ఒక్కసారిగా దొరకడం కష్టం. కొరతగా తేల్చిన భాగాన్ని అక్కడ పనిచేస్తూ పూర్తిచేయాలి.

2024 మార్చి నుంచి, ముందుగా వెళ్లి ఉద్యోగంలో చేరి, గుర్తింపును తరవాత తెచ్చుకునే వీలు కలిగింది. దానికి ఉద్యోగ ఒప్పందం, ఎ2 స్థాయి జర్మన్ భాష, స్వదేశ ప్రభుత్వం గుర్తించిన కనీసం రెండేళ్ల శిక్షణ కావాలి. ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, టర్నర్ కోర్సులు రెండేళ్లవే. వెల్డర్, ప్లంబర్, కార్పెంటర్ కోర్సులు ఏడాదివి, అందువల్ల వాటితో మాత్రమే ఈ దారి తెరుచుకోదు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి వెల్డింగ్ చేసిన కరీంనగర్, నిజామాబాద్ కార్మికుల చేతిపని ఈ దారిలో లెక్కలోకి రాకపోవడం బాధాకరం. ఏజెంటుకు డబ్బు కట్టకముందే ప్రతి ఒక్కరూ చూసుకోవాల్సింది తమ కోర్సు కాలాన్నే.

ఉద్యోగిగా పనిచేయడానికి మైస్టర్ అనే పై స్థాయి వృత్తి పట్టా అక్కర్లేదు. సొంతంగా ఎలక్ట్రికల్ దుకాణమో, హీటింగ్ పనుల సంస్థో పెట్టాలంటే సాధారణంగా అది తప్పనిసరి. జర్మన్ మైస్టర్‌కూ, పోర్చుగీసు నుంచి మనకొచ్చిన మేస్త్రీకీ లాటిన్ మూలం ఒకటే. మన దగ్గర మేస్త్రీని తోటి పనివారు గుర్తిస్తారు, అక్కడ పరీక్ష గుర్తిస్తుంది.

గుర్తింపు పొందిన వృత్తి నిపుణులు మూడేళ్లు పింఛను చందా కట్టి, బి1 స్థాయి జర్మన్ నేర్చుకుంటే శాశ్వత నివాసం కోరవచ్చు. జర్మన్ అనుమతి జర్మనీకే చెల్లుతుంది. ఆకెన్ నుంచి సిటీ బస్సులో చేరుకోగల డచ్ పట్టణం ఫాల్స్‌కు వెళ్లి కూరగాయలు తెచ్చుకోవచ్చు గాని, అక్కడ పనిచేయాలంటే నెదర్లాండ్స్ అనుమతి వేరుగా తెచ్చుకోవాలి.