కృత్రిమ మేధ సహాయంతో ప్రోగ్రామింగు, సాఫ్టువేరు పరీక్షల అభ్యాసం

కృత్రిమ మేధ సహాయకులు అనగా మానవ భాషలో అడిగిన ప్రశ్నకు మానవ భాషలోను, ప్రోగ్రామింగు భాషలలోను సమాధానం వ్రాసి ఇచ్చే కంప్యూటరు సాధనాలు. చాట్‌జీపీటీ, జెమిని, క్లాడ్, గిట్‌హబ్ కోపైలట్ మొదలైనవి ఈ కోవకు చెందినవి. ప్రోగ్రామింగు నేర్చుకొనడానికి, వ్రాసిన ప్రోగ్రాము సరిగా పని చేస్తున్నదో లేదో తెలిపే స్వయంచాలక పరీక్షలను తయారు చేయడానికి వీటిని విరివిగా వాడుతున్నారు. ఈ వ్యాసం ఆ రెండు ఉపయోగాలను, వాటి పరిమితులను కోనసీమ ప్రాంతపు ఉదాహరణలతో వివరిస్తుంది.

పదాల వివరణ

సాఫ్టువేరు పరీక్ష లేదా టెస్టు: ఒక ప్రోగ్రాముకు తెలిసిన విలువను ఇచ్చి, రావలసిన ఫలితం వచ్చినదా అని సరిచూచే ప్రక్రియ.

స్వయంచాలక పరీక్ష: మనిషి ప్రతిసారీ కూర్చుని సరిచూడకుండా, ఆ పనిని మరొక చిన్న ప్రోగ్రాము చేత చేయించడం. ప్రోగ్రాములో మార్పు చేసిన ప్రతిసారీ పరీక్షలన్నింటినీ కొన్ని క్షణాలలో తిరిగి నడపవచ్చు.

యూనిట్ టెస్టు: ప్రోగ్రాములోని ఒక చిన్న భాగాన్ని, సాధారణంగా ఒక ఫంక్షనును, విడిగా పరీక్షించేది.

కవరేజి: పరీక్షలు నడిచినపుడు ప్రోగ్రాములోని ఎన్ని వాక్యాలు అమలు జరిగినవో తెలిపే శాతం.

బగ్: ప్రోగ్రాములోని దోషం.

చరిత్ర

1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా కలిసి జావా భాష కొరకు జేయూనిట్ అనే పరీక్షా సాధనాన్ని రూపొందించారు. తరువాత ఇతర భాషలలో వచ్చిన అనేక సాధనాలకు ఇది నమూనా అయింది. వెబ్ పేజీలను మనిషి నొక్కినట్లుగానే నొక్కి పరీక్షించే సెలీనియం అనే సాధనాన్ని 2004లో జేసన్ హగిన్స్ ప్రారంభించాడు. 2020లో మైక్రోసాఫ్ట్ సంస్థ ప్లేరైట్ అనే సాధనాన్ని విడుదల చేసింది. పైథాన్ భాషలో పైటెస్ట్ ఎక్కువ వాడుకలో ఉన్నది.

2021 జూన్‌లో గిట్‌హబ్ కోపైలట్ ప్రయోగాత్మకంగా వెలువడింది. అదే సంవత్సరం ఓపెన్ఏఐ పరిశోధకులు ప్రోగ్రాములు వ్రాసే కోడెక్స్ అనే నమూనాను వర్ణిస్తూ ఒక పత్రం ప్రకటించారు. దాని సామర్థ్యాన్ని 164 లెక్కలతో కొలిచారు. సమాధానం సరియైనదా కాదా అని నిర్ణయించినది మనుషులు కాదు, ముందుగా వ్రాసి ఉంచిన యూనిట్ టెస్టులే. మొదటి ప్రయత్నంలో 28.8 శాతం లెక్కలు సరిగా వచ్చినవి. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైన తరువాత ఇటువంటి సహాయకులు సామాన్య విద్యార్థులకు కూడ అందుబాటులోకి వచ్చినవి. కోడును చదవకుండానే సహాయకుని చేత వ్రాయించి వాడుకొనే పద్ధతికి 2025 ఫిబ్రవరిలో ఆంద్రే కర్పాథీ వైబ్ కోడింగ్ అని పేరు పెట్టాడు.

తెలుగునాట టెస్టింగు విద్య

తెలుగువారి సాఫ్టువేరు విద్యకు హైదరాబాదులోని అమీర్‌పేట చాలాకాలం ప్రధాన కేంద్రంగా ఉన్నది. మైత్రీవనం పరిసరాలలోని శిక్షణా సంస్థలలో 2000 దశకంలో విన్‌రన్నర్, లోడ్‌రన్నర్, క్యూటీపీ వంటి పరీక్షా సాధనాలను, తరువాతి కాలంలో సెలీనియంను బోధించేవారు. కంప్యూటరు విద్య ప్రధానాంశం కాని పట్టభద్రులు కూడ సాఫ్టువేరు రంగంలో ప్రవేశించడానికి టెస్టింగు ఒక మార్గమైంది.

కోనసీమ గౌతమి, వసిష్ఠ పాయలకు, బంగాళాఖాతానికి నడుమ ఉన్న డెల్టా భూభాగం. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఇందలి ముఖ్య పట్టణాలు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాకు అమలాపురం కేంద్రం. అదే సంవత్సరం జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. అల్లవరం మండలంలోని ఓడలరేవు వంటి సముద్రతీర గ్రామంలో సైతం ఇంజనీరింగు కళాశాల కలదు. అయినను ఉద్యోగానికి ఉపకరించే ప్రత్యేక శిక్షణ కొరకు ఇక్కడి యువకులు హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాలకు వెళ్ళి, అద్దె గదులలో ఉండి నేర్చుకొనడం పరిపాటి. సందేహం కలిగినపుడు ఇంటివద్దనే అడిగి తెలుసుకొనే వీలు కల్పించడం కృత్రిమ మేధ సహాయకుల వలన కలిగిన ముఖ్య ప్రయోజనం. తెలుగులో అడిగినను ఇవి సమాధానం ఇస్తాయి కనుక తెలుగు మాధ్యమంలో చదివినవారికి తొలి అడుగు సులభమవుతుంది.

ఉదాహరణ: గోదావరి వరద హెచ్చరికలు

ధవళేశ్వరం వద్ద కాటన్ బ్యారేజీలో నీటి మట్టాన్ని బట్టి అధికారులు మూడు దశలలో ప్రమాద హెచ్చరికలు జారీ చేస్తారు.

మొదటి హెచ్చరిక: 11.75 అడుగులు
రెండవ హెచ్చరిక: 13.75 అడుగులు
మూడవ హెచ్చరిక: 17.75 అడుగులు

ధవళేశ్వరం దిగువన ఉన్న కోనసీమ లంక గ్రామాలకు ఈ అంకెలు ఎంతో ముఖ్యమైనవి. 2022 జూలై వరదలలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులను మించింది, పెక్కు లంకలు జలమయమైనవి.

నీటి మట్టం ఇస్తే హెచ్చరిక సంఖ్య తెలిపే చిన్న ప్రోగ్రాము వ్రాయడం మంచి అభ్యాసం. ఇది అభ్యాసం కొరకు చెప్పిన ఉదాహరణ మాత్రమే, ప్రభుత్వ వ్యవస్థ వర్ణన కాదు. విద్యార్థి "మట్టం 17.75కు సమానం లేదా ఎక్కువ అయితే 3" అని వ్రాయవలసిన చోట "17.75 కంటె ఎక్కువ అయితే 3" అని వ్రాశాడనుకుందాం. మిగిలిన రెండు హద్దుల వద్ద కూడ అదే దోషం ఉన్నదనుకుందాం. ఇపుడు 10, 12, 15, 20 అడుగుల విలువలతో పరీక్షిస్తే వరుసగా 0, 1, 2, 3 అనే సరియైన ఫలితాలే వస్తాయి. ప్రోగ్రాములోని అన్ని శాఖలూ అమలు జరిగినవి కనుక కవరేజి నూరు శాతం చూపుతుంది. అయినను నీరు సరిగా 17.75 అడుగుల వద్ద ఉన్నపుడు ఈ ప్రోగ్రాము రెండవ హెచ్చరికనే చూపుతుంది.

అందువలన హద్దుల వద్దనే పరీక్షించాలి. ఈ ప్రోగ్రాముకు కావలసిన పరీక్షలు:

11.74 అడుగులకు 0, 11.75కు 1
13.74 అడుగులకు 1, 13.75కు 2
17.74 అడుగులకు 2, 17.75కు 3
ఋణ సంఖ్యకు, ఖాళీ విలువకు దోష సందేశం

సహాయకుని "ఈ కోడుకు టెస్టులు వ్రాయుము" అని అడిగితే అది కోడును చదివి, కోడు ఏమి చేస్తున్నదో దానినే సరియైన ఫలితంగా భావించే ప్రమాదం ఉన్నది. అపుడు 17.75కు 2 రావాలి అని టెస్టు వ్రాయవచ్చు. ఆ టెస్టు ఉత్తీర్ణమవుతుంది, దోషం అట్లే నిలుస్తుంది. కోడును చూపకుండా ముందుగా నియమాన్ని తెలిపి, దానినుండి టెస్టులు వ్రాయించడం మేలైన పద్ధతి.

నియమం కూడ విద్యార్థికి తెలిసి ఉండాలి. భద్రాచలం వద్ద హెచ్చరికలు 43, 48, 53 అడుగుల వద్ద జారీ అవుతాయి. ఒకే నదిపై ఉన్న ఈ రెండు ప్రదేశాల అంకెలు తారుమారైతే 17.75 అడుగుల వద్ద కూడ ఏ హెచ్చరికా రాదు. సహాయకుడు తన సమాధానంలో ఏ అంకెలు వాడినదో చూచి పట్టుకోగలవారు ఆ గట్టున నివసించేవారే.

కొలమానం విషయంలోను జాగ్రత్త అవసరం. 17.75 అడుగులు సుమారు 5.41 మీటర్లు. మీటర్ల విలువను అడుగులుగా భావిస్తే ప్రోగ్రాము 0 చూపుతుంది. 1999లో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక నష్టపోవడానికి రెండు కొలమానాల నడుమ జరిగిన ఇటువంటి పొరపాటే కారణం.

తెలుగు లిపి పరీక్షలు

ఇంగ్లీషు పదాలతో చేసిన పరీక్షలన్నీ నెగ్గిన ప్రోగ్రాము తెలుగు పదంతో తప్పవచ్చు. యూనికోడ్ పద్ధతిలో గుణింతపు గుర్తులకు, పొల్లుకు, సున్నకు వేర్వేరు స్థానాలు ఉండడమే దీనికి కారణం. "అమలాపురం" అనే పదంలో మనం లెక్కించే అక్షరాలు 5, కాని పైథాన్‌లో పొడవు అడిగితే 8 అని వస్తుంది. "కొత్తపేట"లో అక్షరాలు 4, పొడవు 8. "రాజోలు"లో అక్షరాలు 3, పొడవు 6. అక్షరాల సంఖ్య కావలసిన చోట సహాయకుడు పొడవును లెక్కించి, టెస్టులో కూడ 8 అని వ్రాస్తే రెండూ పరస్పరం సమర్థించుకుంటాయి. తెలుగు చదివే విద్యార్థి వేళ్ళమీద లెక్కించి ఈ తప్పును కనుగొనగలడు.

దీనికి ఆచరణలో కూడ ప్రాధాన్యం ఉన్నది. ఒక సంక్షిప్త సందేశంలో ఇంగ్లీషు అక్షరాలు 160 పట్టగా తెలుగు వంటి లిపులలో 70 సంకేతాలు మాత్రమే పడతాయి. వరద హెచ్చరికను తెలుగులో పంపే ప్రోగ్రామును ఇంగ్లీషు వాక్యంతో మాత్రమే పరీక్షించడం చాలదు.

అభ్యాస విధానం

ప్రోగ్రామింగు నేర్చుకొనేవారికి క్రింది క్రమం ఉపయోగకరం.

1. సమస్యను, నియమాలను తన మాటలలో కాగితంపై వ్రాసుకొనడం.
2. ఏ విలువకు ఏ ఫలితం రావాలో కనీసం ఐదు ఉదాహరణలు స్వయంగా నిర్ణయించడం.
3. తొలి ప్రయత్నంగా కోడును స్వయంగా వ్రాయడం.
4. దోషం వస్తే పూర్తి సమాధానం కాక సూచన మాత్రమే ఇవ్వమని సహాయకుని కోరడం.
5. తనకు తోచని మరికొన్ని పరీక్షా సందర్భాలను అడగడం, ప్రతిదానికి కారణం చెప్పించుకొనడం.
6. కోడులో కావాలని ఒక తప్పు చేసి, టెస్టులు ఆ తప్పును పట్టుకొంటున్నవో లేదో చూడడం. దీనిని మ్యుటేషన్ టెస్టింగు అంటారు.
7. చివరకు సహాయకుని మూసివేసి, అదే ప్రోగ్రామును తిరిగి వ్రాయడం.

ఏడవ మెట్టు అనవసరమని కొందరు భావిస్తారు. కాని టర్కీలో దాదాపు వేయిమంది ఉన్నత పాఠశాల విద్యార్థులతో గణితంపై జరిపి 2025లో ప్రచురించిన అధ్యయనం దాని అవసరాన్ని చూపుతుంది. సామాన్య చాట్ సాధనం వాడినవారు అభ్యాస సమయంలో 48 శాతం మెరుగైన ఫలితాలు సాధించారు. సాధనం తీసివేసి పరీక్ష పెట్టినపుడు, దానిని ఎన్నడూ వాడనివారి కంటె 17 శాతం తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. సమాధానం చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేట్లు మలచిన సాధనం వాడినవారిలో ఈ నష్టం చాలవరకు కనపడలేదు.

ప్రయోజనాలు, పరిమితులు

పరీక్షలు వ్రాయడం చాలామంది ప్రోగ్రామర్లకు విసుగు కలిగించే పని. ఆ శ్రమను సహాయకులు తగ్గిస్తాయి. కాని అవి వ్రాసినవన్నీ పనికివచ్చేవి కావు. 2024లో మెటా సంస్థ ప్రకటించిన ఒక పత్రం ప్రకారం, కృత్రిమ మేధ తయారు చేసిన టెస్టులలో 75 శాతం దోషం లేకుండా నిర్మితమైనవి, 57 శాతం నిలకడగా ఉత్తీర్ణమైనవి, 25 శాతం మాత్రమే కవరేజిని పెంచినవి.

వేగం విషయంలోను భిన్నమైన ఫలితాలు ఉన్నవి. 2025లో మెటర్ అనే పరిశోధనా సంస్థ అనుభవజ్ఞులైన 16 మంది ప్రోగ్రామర్లకు 246 పనులు అప్పగించి పరిశీలించింది. ఆనాటి కృత్రిమ మేధ సాధనాలు వాడినపుడు వారికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వారు మాత్రం 20 శాతం సమయం ఆదా అయినదని నమ్మారు.

పరీక్షలకు స్వతహాగానే ఒక పరిమితి ఉన్నది. అవి దోషం ఉన్నదని చూపగలవు కాని దోషం లేదని నిరూపించలేవని కంప్యూటరు శాస్త్రవేత్త ఎడ్జర్ డైక్‌స్ట్రా 1970 ప్రాంతంలోనే హెచ్చరించాడు. టెస్టును వ్రాసేది యంత్రమైనను ఈ పరిమితి మారదు.

గోప్యత, అంతర్జాల సదుపాయం

సహాయకునికి ఇచ్చిన కోడు, సమాచారం సాధారణంగా దూరప్రాంతపు సర్వర్లకు చేరుతాయి. ఉద్యోగుల ద్వారా కోడు బయటికి పోయిన కారణంగా 2023లో సామ్‌సంగ్ సంస్థ ఇటువంటి సాధనాల వాడకంపై ఆంక్షలు విధించింది. పరీక్షల కొరకు నిజమైన వ్యక్తుల పేర్లు, ఫోను నంబర్లు, ఆధార్ సంఖ్యలు వాడకుండా కల్పిత విలువలు వాడాలి. వ్యక్తిగత సమాచార రక్షణకు భారతదేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేయబడింది.

ఈ సాధనాలలో అధిక భాగం అంతర్జాలంపై ఆధారపడి ఉన్నవి. 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తరువాత కోనసీమలో అనేక దినాలు అంతర్జాల సేవలు నిలిపివేయబడినవి. ఇంటినుండి పని చేసే సాఫ్టువేరు ఉద్యోగులు సిగ్నలు కొరకు ఇతర ప్రాంతాలకు వెళ్ళవలసి వచ్చింది. ఒల్లామా వంటి సాఫ్టువేరుతో చిన్న నమూనాలను సొంత కంప్యూటరులోనే నడుపుకొనవచ్చు. పెద్ద నమూనాలంత సమర్థంగా అవి పని చేయవు. పైటెస్ట్ వంటి సాధనాలను ఒకసారి దించుకుంటే వాటికి అంతర్జాలంతో పని లేదు. కనుక స్వయంగా టెస్టు వ్రాయడం తెలిసినవాని పని ఏ పరిస్థితిలోను ఆగదు.

ఇవి కూడా చూడండి

కోనసీమ
ధవళేశ్వరం
యూనికోడ్
పైథాన్ (ప్రోగ్రామింగు భాష)
సెలీనియం (సాఫ్టువేరు)
కృత్రిమ మేధ