రాజుఁ జూచెనా, రాజు సూచెనా? ఉన్నత పాఠశాలలో వ్యాకరణం, కథాకావ్యబోధన: ఒక చారిత్రక పరిశీలన

దేశీయ విద్య స్థితిగతులపై మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్ల నుండి వివరాలు కోరాడు. దానికి సమాధానంగా 1823లో బళ్లారి కలెక్టర్ ఏ.డి. క్యాంబెల్ పంపిన నివేదిక తెలుగు బోధనా చరిత్రలో విలువైన ఆధారం. నేటి అనంతపురం ప్రాంతం అప్పటికి బళ్లారిలోనే ఉండేది. 1882లో అది ప్రత్యేక జిల్లా అయింది. జిల్లాలోని 533 బడులలో 226 తెలుగు బడులని క్యాంబెల్ లెక్క చెప్పాడు. రామాయణ, భారత, భాగవతాల వంటి పద్యకథలను పిల్లలు వల్లించేవారు. అయితే పద్యాల భాష మాట్లాడే భాషకు దూరమైనదనీ, చదివేదానికి అర్థం తెలియక పిల్లలు చిలకపలుకులు పలుకుతున్నారనీ, ఆ అర్థాన్ని వివరించగల ఉపాధ్యాయులు కూడా అరుదనీ అతడు ఫిర్యాదు చేశాడు. బడులలో వాడే గ్రంథాల పట్టికలో నిఘంటువులు, వ్యాకరణాలు ఉన్నాయి. పద్యం ఉంది, వ్యాకరణమూ ఉంది. ఆ రెండింటినీ కలిపే పఠనం లేదు. క్యాంబెల్ స్వయంగా 1816లో తెలుగు వ్యాకరణాన్ని ప్రకటించినవాడు కనుక ఈ లోటును గుర్తించగలిగాడనుకోవాలి.

ఆ కలిపే పద్ధతి ఈ నేలకు కొత్తది కాదు. మెదకు సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి సంస్కృత మహాకావ్యాలను అన్వయముఖంగా వ్యాఖ్యానించాడు. పండితుల పాఠపద్ధతిలో రెండు మార్గాలుండేవి. పద్యంలోని పదాలను వాక్యక్రమంలో పేర్చుకొంటూ పోవడం దండాన్వయం. క్రియను ముందు పట్టుకొని, ‘ఎవరు? ఎవరిని? దేనితో?’ అని ప్రశ్నిస్తూ ఒక్కొక్క కారకాన్ని రాబట్టడం ఖండాన్వయం. రెండవది బోధనాశాస్త్ర దృష్టితో ఆశ్చర్యకరమైన సాధనం. విభక్తి జ్ఞానం లేకుండా ఆ ప్రశ్నలకు జవాబు దొరకదు. జవాబు దొరికిన క్షణంలోనే కథలో ఏం జరిగిందో తెలుస్తుంది. అక్కడ వ్యాకరణం వేరు, కావ్యం వేరు అనే మాటకు చోటు లేదు. కాని ఆ పద్ధతి సంస్కృత పాఠశాలల్లోనూ పండితుల ఇండ్లలోనూ నిలిచింది, వీధిబడికి దిగలేదు.

ఆధునిక పాఠశాల వచ్చాక పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణాన్ని వెలువరించాడు. సంజ్ఞతో మొదలై ప్రకీర్ణకంతో ముగిసే పది పరిచ్ఛేదాల ఆ గ్రంథానికి ఆధారం ప్రధానంగా కావ్యభాష. పేరులోని ‘బాల’ శబ్దం అది విద్యార్థులకు ఉద్దేశించినదని చెబుతున్నది. అయితే బడిలో దానికి అప్పగించిన పని వేరు. కావ్యాన్ని చదవడానికి పనికివచ్చే సూత్రాలే విద్యార్థి వ్రాసే వచనానికి ప్రమాణాలయ్యాయి. పఠనసాధనం లేఖనశాసనంగా మారింది. తరువాతి వివాదమంతా ఈ శాసనం చుట్టూనే తిరిగింది.

1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య ఒకవైపు; గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు మరొకవైపు నిలిచారు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. విద్యార్థి ఏ భాషలో వ్రాయాలన్నది వివాదాంశం. గిడుగు కావ్యాలకు వ్యతిరేకి కాడు. ప్రాచీన భాషను చదివి గ్రహించాలి, వర్తమాన భాషలో వ్రాయాలి అన్నది ఆయన వాదసారం. కాలక్రమంలో వ్రాత గురించిన సగం నెగ్గింది, నెగ్గవలసిందే. చదివి గ్రహించడమెలా అన్న మిగతా సగం ఎవరి పక్షమూ కాక మిగిలిపోయింది. వచనం మీద అధికారం పోయిన వ్యాకరణం పాఠ్యపుస్తకంలో ‘భాషాంశాలు’గా, పద్యం ప్రతిపదార్థ తాత్పర్యాలుగా విడివిడిగా స్థిరపడ్డాయి.

ఈ విడిపోవడంలో నష్టమేమిటో చూడటానికి చిన్న ఉదాహరణ చాలు. ‘రాజును + చూచె’ అన్నప్పుడు ద్వితీయా విభక్తిలోని ద్రుతం వల్ల చకారం జకారమై ‘రాజుఁ జూచె’ అవుతుంది. ‘రాజు + చూచె’ అన్నప్పుడు ప్రథమ మీది పరుషం కనుక గసడదవాదేశం వచ్చి ‘రాజు సూచె’ అవుతుంది. మొదటిదానిలో ఎవరో రాజును చూశారు. రెండవదానిలో రాజే చూశాడు. గసడదవాదేశం బహుళం కాబట్టి ‘రాజు చూచె’ అని నిలవవచ్చు గాని, ఇక్కడ ద్రుతం లేనిదే జకారం రాదు. అలాగే ‘రాజుఁ బిలిచె’, ‘రాజు విలిచె’. పదక్రమం ఛందస్సుకు లోబడి తారుమారయ్యే పద్యంలో కర్త ఎవరో, కర్మ ఎవరో చెప్పేది ఈ ఒక్క అక్షరమే కావచ్చు. పరీక్షలో విద్యార్థి దీనికి ‘సరళాదేశ సంధి’ అని పేరు వ్రాసి మార్కు తెచ్చుకొంటాడు. కథలో ఎవరు ఎవరిని పిలిచారన్న ప్రశ్న ఆ మార్కుకు అవసరం లేదు.

క, ట, తలతో చిక్కు ఇంకా ఎక్కువ. ‘రాజుఁ గాచె’ అంటే రాజును కాపాడాడు; ‘రాజు గాచె’ అంటే రాజు కాపాడాడు. రెండుచోట్లా గకారమే. తేడా అరసున్న ఒక్కటే. దానికి ఛందస్సులో గురులఘువుల విలువ లేదు గనుక తీసివేసినా పద్యం కుంటుపడదు, లోపం చెవికి తెలియదు. వచనంలో అరసున్నను వదలడం న్యాయమే. అదే అలవాటుతో పద్యంలోనూ వదిలి అచ్చువేస్తే పోయేది అలంకారం కాదు, విభక్తి. సంస్కరణ ఉత్సాహం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టింది.

సంధికి చెప్పింది అసమాపక క్రియలకు మరింతగా వర్తిస్తుంది. కథాపద్యం నడిచేదే వాటిమీద. ‘చూచి’ అనే క్త్వార్థకం ఒక పని ముగిసి మరొకటి మొదలైందని చెబుతుంది, సాధారణంగా రెండింటి కర్తా ఒకరే. ‘చూచుచు’ అనే శత్రర్థకం రెండు పనులను ఒకే కాలంలో నిలుపుతుంది. ‘చూచిన’ అన్నది సందర్భాన్నిబట్టి చేదర్థకమో ధాతుజ విశేషణమో అవుతుంది. అది తేలితేగాని సంఘటన జరిగిందో, జరిగితే అన్న ఊహో తెలియదు. సమాపక క్రియ చివరి పాదం వరకూ రాకపోవచ్చు, తరువాతి పద్యానికీ జారవచ్చు. సంఘటనల వరుస, వేగం, పాత్రల మార్పు అన్నీ ఈ రూపాలలోనే ఉన్నాయి. అయినా పాఠశాలలో క్త్వార్థకాన్ని సాధారణంగా ‘అన్నం తిని బడికి వెళ్ళాడు’ వంటి వాక్యంతో బోధిస్తారు. ఆ వాక్యాన్ని తెలుగు పిల్లవాడు బడికి రాకముందే మాట్లాడగలడు, వ్యాకరణం సాయం అక్కరలేదు. సాయం కావలసిన పద్యం అదే పుస్తకంలో కొన్ని పుటల ముందు ఉంటుంది. దాని తాత్పర్యాన్ని అప్పటికే గైడు చూసి వ్రాసుకొని ఉంటారు.