మూగచిత్రముల పునర్జన్మ

ఇటలీ దేశపు ఈశాన్యభాగమున పోర్దెనోనె అను పట్టణము కలదు. అచ్చట 1982లో మొదలైన మూగచిత్రోత్సవము ఏటేట జరుగుచున్నది. పోయినవనుకొనగా దొరికినవి, శిథిలమై మరల బాగుచేయబడినవి అగు చిత్రములను వాద్యసంగీతముతో ప్రదర్శింతురు. 1994లో ఆ ఉత్సవమున భారతీయ మూగచిత్రములకు ప్రత్యేకస్థానము లభించినది. మాటలు రాకపూర్వము మన దేశమున వెయ్యికి పైగా చిత్రములు తయారైనవి. నేడు మిగిలినవి బహుస్వల్పము.

తెలుగునాట నష్టము మరింత పెద్దది. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో మదరాసున ‘భీష్మప్రతిజ్ఞ’ తీసిరి. హైదరాబాదులో ధీరేంద్రనాథ గంగూలీ 1922లో లోటస్ ఫిలిం కంపెనీని స్థాపించి పెక్కు చిత్రములు నిర్మించెను. 1924లో ‘రజియా బేగం’ చిత్రమును ప్రదర్శించినందుకు నిజాం ప్రభువు ఆగ్రహించి ఆయనను సంస్థానము విడిచిపొమ్మనెను. ఈ చిత్రములేవియు నేడు చూడ వీలులేదు.

ఇందుకు మొదటి కారణము రసాయనికమైనది. ఆ కాలపు ఫిలిము సెల్యులోజు నైట్రేటుతో చేసినది. ప్రత్తినారను నత్రికామ్లముతో సంయోగపరచిన ఈ పదార్థము లభించును. తుపాకి ప్రత్తికి ఇది దగ్గరి చుట్టము. తనలోనే ఆమ్లజనిని దాచుకొనియుండుటచే, ఒకసారి నిప్పంటుకొన్నచో నీటిలో ముంచినను ఆరదు. నిప్పు తగులకున్నను దానికి క్షేమము లేదు. వేడికి, తేమకు మెల్లగా విచ్ఛిన్నమై నత్రజని ఆక్సైడులను వెలువరించును. అవి తేమతో కలిసి ఆమ్లమగును. ఆ ఆమ్లము మిగిలిన ఫిలిమును మరింత త్వరగా చెరచును. చారెడు తోడు కడివెడు పాలను పెరుగు చేయునట్లు, ఒక మూల పుట్టిన చెరుపు చుట్టనంతను ఆక్రమించును. బొమ్మ మాయును, చుట్టలు బంకగా అతుకుకొనును, తుదకు గోధుమవన్నె పొడి మిగులును. చల్లని, పొడి గదిలో ఈ మార్పునకు ఏండ్లు పట్టును. వేసవిలో 40 డిగ్రీలు దాటు మర్రిగూడ వంటి మెట్టప్రాంతపు ఊళ్ళలో రేకుడబ్బాలోని చుట్ట ఎంతకాలము నిలుచునో విద్యార్థులే ఊహింపవచ్చును.

మనుష్యులును తమవంతు చేసిరి. టాకీలు వచ్చిన పిదప గిరాకి పోయిన చిత్రములను, అందలి వెండి కొరకు కరగించివేసిరి.

మిగిలినవి యాదృచ్ఛికముగా మిగిలినవే. సి. వి. రామన్ పిళ్ళ నవల ఆధారముగా తీసిన ‘మార్తాండవర్మ’ 1933లో తిరువనంతపురమున విడుదలైనది. నవలపై హక్కు గల ప్రచురణకర్తలు దావా వేయగా ప్రదర్శన ఆగి, ఫిలిము వారి వశమైనది. 1964లో పుణెలో ఏర్పడిన జాతీయ ఫిలిం భాండాగారము 1974లో దానిని సేకరించినది. చిత్రమును చంపిన దావాయే దానిని కాపాడినదనవలెను: ఊరూర తిరుగు ఫిలిములు అరిగి చిరిగిపోగా, తిరుగనిది నిలిచినది.

కలకత్తాలో 1919లో తయారైన ‘బిల్వమంగళ్’ మరియొక విధముగ దక్కినది. చింతామణి నాటకము చూచినవారికి ఈ కథ తెలిసినదే. అసలు నిడివి సుమారు 12,000 అడుగులు. పారిస్‌లోని ఫిలిం భాండాగారమున మిగిలిన 594 మీటర్ల భాగమునకు నకలు 2016లో పుణె చేరినది. అనగా ఆరవవంతుకు కొంచెము తక్కువ.

దొరికినంతమాత్రమున పని తీరదు. పాతఫిలిము కుంచించుకొనిపోవుటచే అంచు రంధ్రములు యంత్రపు పండ్లకు సరిపడవు, ప్రత్యేకయంత్రములు కావలెను. గీతలను పోగొట్టుటకు ఒక చక్కని ఉపాయము కలదు. ఫిలిమువలెనే కాంతిని వక్రీభవింపజేయు ద్రవములో దానిని తడిపి నకలు తీయుదురు. ద్రవము గీతలను నింపగా కాంతి చెదరక సాగిపోవును, గీత కనబడదు. వేగము మరియొక చిక్కు. మూగచిత్రములను పెక్కింటిని సెకనుకు 16 నుండి 20 బొమ్మల చొప్పున తీసెడివారు. టాకీ యంత్రము 24 బొమ్మలు నడుపును. 16 చొప్పున తీసినదానిని ఇందులో వేసినచో మనుష్యులు ఒకటిన్నర రెట్లు వేగముతో పరుగెత్తుదురు. పాతచిత్రములనగానే నవ్వువచ్చుటకు ఇదియు నొక కారణము; నటుల తప్పు కాదు.

పాత సినిమాహాలు కొట్టులో తుప్పుపట్టిన ఫిలిము డబ్బా కనబడినచో చుట్ట విప్పరాదు, దీపము దగ్గరకు తేరాదు. నీడనుంచి పుణె భాండాగారమునకు తెలుపవలెను. ‘మార్తాండవర్మ’ దొరికినది పుస్తకముల కొట్టువారి యొద్దనే.